తిరుపతిలో లాయర్ గుమాస్తాగా చేరారా? ముందు గడువులు నేర్చుకోండి
ముందు డైరీ పట్టుకోండి. పొద్దున్నే ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు కొట్టి కేసు చూసుకున్నా సరే, కోర్టులో పిలిచాక వాయిదా తేదీ బెంచ్ క్లర్కుని అడిగి అక్కడే నిలబడి రాసుకోండి.

సివిల్ దావాలో గడువులే ప్రాణం. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో ప్రతివాది జవాబు దావా వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. అందుకే క్లయింటు రాగానే "సమన్లు ఏ రోజు తీసుకున్నావన్నా?" అని అడిగి, ఆ తేదీని కేసు కట్ట మీద ఎర్ర ఇంకుతో రాయండి.

ఓడిపోతే తీర్పు రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి, కాపీ తయారవడానికి పట్టిన రోజులు అప్పీలు గడువులో లెక్కలోకి రావు.

చంద్రగిరి నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన్ని ఒక్క సంతకం కోసం మళ్లీ రప్పించకండి, పంపేముందే వకాలత్ (కేసు నడపమని లాయరుకి క్లయింటు రాసిచ్చే పత్రం) తిప్పి సంతకాలన్నీ ఉన్నాయో చూడండి.