వింగ్‌లో స్క్రీన్, 4వ పాఠం: స్క్రీనర్ ఆగకముందే మీరు కదిలితే

బాస్కెట్‌బాల్‌లో బంతి ఉన్నవాడి డిఫెండర్‌కు (వాడిని కాపలా కాసేవాడికి) మనవాడు అడ్డంగా నిలబడడమే స్క్రీన్, అలా నిలబడేవాడు స్క్రీనర్. దాన్ని వింగ్‌లో, అంటే కోర్టు పక్కన మూడు పాయింట్ల గీత దగ్గర, పెట్టించుకుని బంతితో మధ్యకు పొమ్మని పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి కోర్టులో దిగినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. స్క్రీన్ పెట్టిన ప్రతిసారీ రెఫరీ విజిల్ వేస్తున్నాడని కొందరు చెప్పారు. ఇంకొందరి బాధ వేరు. తిరుచానూరు రోడ్డు వైపు ఆడే ఒక కుర్రాడి మాటల్లోనే చెబుతాను: "అన్నా, స్క్రీన్ ఉండాది గానీ దారి ల్యా. ఆయప్ప నాకంటే ముందే మధ్యలోకొచ్చి నిలబడుకోనుండాడు." ఆయప్ప అంటే ఆ కుర్రాడి డిఫెండర్. ఈ వారం రోల్ గురించి, అంటే స్క్రీన్ పెట్టాక స్క్రీనర్ తిరిగి రింగ్ వైపు పోవడం గురించి రాయాల్సింది. అది వాయిదా. స్క్రీన్ దగ్గరే ఆట తెగిపోతుంటే రింగ్ దగ్గర ఏం చేయాలో చెప్పి లాభం లేదు.

చేయి మార్చి డ్రిబుల్ చేయడం, రెండు కాళ్ల మీద ఆగడం, తలెత్తి ఆడడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఒక కొలత మాత్రం మనసులో పెట్టుకోండి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోర్టు వెడల్పు 15 మీటర్లు. మూడు పాయింట్ల గీత రింగ్ మధ్య నుంచి 6.75 మీటర్లు. ఫ్రీ త్రో లైన్‌ను పక్కకు పొడిగిస్తే అది ఈ గీతను తాకే చోటు నుంచి సైడ్‌లైన్‌కు మిగిలేది సుమారు రెండుంపావు మీటర్లే. మీరు గీత బయట నిలబడితే అందులోనూ ఇంకో మీటరు పోతుంది. టాప్‌లో, అంటే రింగ్‌కు నేరుగా ఎదురుగా, పెట్టిన స్క్రీన్‌కు రెండు పక్కలా దారి ఉంటుంది. వింగ్‌లో సైడ్‌లైన్ కూడా అవతలి జట్టు తరఫునే ఆడుతుంది. మీకొచ్చిన ఇబ్బందులు రెండూ ఈ ఇరుకులోంచి పుట్టినవే.

ముందు విజిల్ సంగతి. ఫౌల్ స్క్రీనర్ పేరున పడుతుంది. తప్పు మాత్రం చాలాసార్లు బంతి ఉన్నవాళ్లది. ఇది నాకు కోపం తెప్పించే విషయం, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

స్క్రీనర్ కింద నుంచి, అంటే రింగ్ వెనకున్న బేస్‌లైన్ వైపు నుంచి, పరుగున వస్తున్నాడు. ఇంకా రెండడుగుల దూరంలో ఉండగానే మీరు బంతి నేలకు కొట్టి మధ్యకు బయల్దేరారు. మీ డిఫెండర్ మీతోపాటే జరిగాడు. దాంతో స్క్రీనర్ ఆగాల్సిన చోటే మారిపోయింది. మిమ్మల్ని ఎలాగైనా విడిపించాలని వాడు తుంటి పక్కకు తోస్తాడు, లేదా ఒక కాలు అర అడుగు జరుపుతాడు. డిఫెండర్ తగిలి తూలుతాడు. విజిల్. బంతి అవతలి జట్టుది. ఇలాంటివి ఐదైతే మీ పొడుగు ఆటగాడు బయట కూర్చుంటాడు, ఆ తర్వాత తప్పిన షాట్ బంతిని (రీబౌండ్) తీసేవాడు ఉండడు.

రూల్ ఏమంటుందంటే, తగిలే క్షణానికి స్క్రీనర్ కదలకుండా ఉండాలి. రెండు కాళ్లూ నేల మీద ఉండాలి. మోచేయి, మోకాలు, తుంటి తన ఒంటి హద్దు దాటి బయటికి రాకూడదు. డిఫెండర్‌కు కనబడని వైపు నుంచి పెడితే వాడికి ఒక మామూలు అడుగు చోటు వదలాలి. కదులుతున్నవాడికి పెడితే ఒకటి నుంచి రెండు అడుగులు. ఈ చివరి మాట మళ్లీ చదవండి. ఆగి ఉన్న డిఫెండర్‌ను కదిలేవాడిగా మార్చింది మీ తొందరే. అంతవరకు సరైన దూరంలో ఉన్న స్క్రీన్ మీరు వేసిన ఆ ఒక్క డ్రిబుల్‌తో తప్పు స్క్రీన్ అయిపోతుంది.

ఈ తొందర రకరకాలుగా ఉంటుంది. పాస్ అందుకోగానే అలవాటుగా ఒక డ్రిబుల్ వేసేవాళ్లు ఉన్నారు. నిలబడ్డ చోటే డ్రిబుల్ చేస్తున్నామనుకుంటూ తెలియకుండానే అడుగడుగు టాప్ వైపు జరిగిపోయేవాళ్లు ఉన్నారు. స్క్రీనర్ రావడం చూసి సంతోషం పట్టలేక ఎదురెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇంకొందరు వేగంగా పోతేనే డిఫెండర్ చిక్కుకుంటాడని నమ్ముతారు. వేగం స్క్రీన్ దాటాక కావాలి. స్క్రీన్ ముందు మీకు కావాల్సింది ఓపిక ఒక్కటే.

నేను పెట్టే కట్టుబాటు చిన్నది. స్క్రీనర్ రెండు కాళ్ల మీద ఆగి, గట్టిగా "పో" అనాలి. ఆ మాట వినేదాకా బంతి మధ్య వైపు కదలకూడదు. ముఖం చూడొద్దు, కాళ్లు చూడండి. సిమెంటు కోర్టు మీద రెండు షూలూ ఒకేసారి ఆగిన చప్పుడు బాగా వినబడుతుంది. ఆ ఎదురుచూసే క్షణంలో ఊరికే నిలబడకుండా బేస్‌లైన్ వైపు ఒక అడుగు వేసి, కళ్లు కూడా అటే తిప్పండి. డిఫెండర్ బరువు కిందివైపు పడుతుంది. "పో" వినగానే మీ భుజం స్క్రీనర్ తుంటికి రాసుకుంటూ పోవాలి, మధ్యలో మనిషి చేయి దూరే సందు కూడా ఉండకూడదు. మన కోర్టుల మీద సన్నటి ఇసుక ఉంటుంది. ఆగిన పాదం జారితే అదీ కదిలిన స్క్రీనే, కాబట్టి స్క్రీనర్ ఆటకు ముందు షూ అడుగు తడిగుడ్డతో తుడుచుకోవాలి.

బంతితో జాన్ స్టాక్‌టన్, స్క్రీనర్‌గా కార్ల్ మలోన్ 1985 నుంచి 2003 దాకా అమెరికా జట్టు యూటా జాజ్‌కు కలిసి ఆడారు. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో 15,806 అసిస్టులతో (పాయింట్లుగా మారిన పాస్‌లతో) స్టాక్‌టన్ ఇప్పటికీ మొదటి స్థానంలో ఉన్నాడు. వాళ్ల పాత వీడియోలు చూసేవాళ్లు పాస్ చూసి మురిసిపోతారు. మీరు పాస్‌కు ముందు ఇద్దరి కాళ్లూ చూడండి.

ఇప్పుడు రెండో బాధ, "ఆయప్ప ముందే మధ్యలో" ఉండడం. అది ఆ డిఫెండర్ అదృష్టం కాదు, వాళ్ల కోచ్ నేర్పిన పద్ధతి. దీన్ని ఐస్ అంటారు. 2008లో ఎన్‌బీఏ ఛాంపియన్ అయిన బోస్టన్ సెల్టిక్స్‌కు డిఫెన్స్ చూసుకున్న టామ్ థిబొడో దీనికి బాగా పేరు తెచ్చాడు. స్క్రీన్ వస్తోందని తెలియగానే మీ డిఫెండర్ మీకూ స్క్రీనర్‌కూ నడుమకు ఎగబాకుతాడు. వాడి ఛాతీ సైడ్‌లైన్ వైపు, వీపు స్క్రీనర్ వైపు ఉంటాయి. మధ్య దారి మూసుకుంది. స్క్రీనర్‌ను కాపలా కాసేవాడు కిందికి జారి బేస్‌లైన్ వైపు మీకోసం కాచుకుని ఉంటాడు. సైడ్‌లైన్‌తో కలిపి చూస్తే మీ చుట్టూ మూడు వైపులా గోడే.

చాలామంది ఇక్కడ మొండిగా మధ్యకే పోయి డిఫెండర్ ఛాతీకి గుద్దుకుంటున్నారు. పోయిన పాఠంలో మధ్యకు పొమ్మన్నది మధ్య తెరిచి ఉన్నప్పటి మాట. మూసి ఉంటే ఎవరిని వదిలేశారో వెతకాలి. మీ దగ్గర ఇద్దరు ఉన్నారంటే స్క్రీనర్ దగ్గర ఎవరూ లేరు.

కాబట్టి వాళ్లు పొమ్మన్న వైపే పోండి, కానీ రెండు డ్రిబుల్‌లే. ఎడమ వింగ్‌లో ఉంటే ఎడమ చేత్తో. పైవాడు (మీ డిఫెండర్) మీ తుంటిని అంటుకుని వస్తాడు, కిందివాడు (స్క్రీనర్‌ను కాసేవాడు) ఒక అడుగు ముందుకేస్తాడు. అప్పుడు రెండు కాళ్ల మీద ఆగి, రింగ్‌కు వీపు పెట్టకుండా తిరిగి, తల మీదుగా స్క్రీనర్‌కు పాస్ ఇవ్వండి. స్క్రీనర్ ఈలోపు స్క్రీన్ వదిలేసి ఫ్రీ త్రో లైన్ మూలకు, అంటే ఎల్బోకు జారి, రింగ్ వైపు చూస్తూ చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉండాలి. బంతి వాడికి అందిన క్షణం నుంచి మీవాళ్లు నలుగురు, వాళ్లు ముగ్గురు. ఎవరూ రాకపోతే షాట్. అవతలి వింగ్ డిఫెండర్ వస్తే ఆ వింగ్‌కు పాస్. రింగ్ దగ్గరకు ఇంకొకడు జారితే అవతలి కార్నర్‌కు. మూడో డ్రిబుల్ వేశారా, మీరు బోర్డు వెనక్కి చేరుతారు, అక్కడి నుంచి స్క్రీనర్ కనబడడు.

ఇంకో దారి, స్క్రీనర్ అక్కడికక్కడే తిరిగి డిఫెండర్ కిందివైపు స్క్రీన్ మార్చడం. పనిచేస్తుంది. కానీ తిరిగేటప్పుడు కాళ్లు కదులుతాయి, మళ్లీ విజిల్ టెన్షన్. మొదటిదారి కుదిరాకే దాన్ని ముట్టుకోండి.

బంతి ఉన్న వైపు కార్నర్‌ను నేను ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. అక్కడ మీవాడు నిలబడితే వాడి డిఫెండర్ కూడా అక్కడే ఉంటాడు, మీరు పోవాల్సిన దారిలో. వాడిని అవతలి వైపుకు పంపేయండి. ఎడమ వింగ్ నుంచి మొదలుపెట్టడం కూడా నా ఇష్టమే. కుడిచేతి ఆటగాడికి మధ్యకు పోవడం అక్కడ సుళువు. అందుకే సాధనలో మాత్రం కుడి వింగ్ ముందు చేయించండి.

సాధన కష్టంగానే ఉంటుంది. మే నెల ఎండలో పగలు సిమెంటు మీద ఆడడం మంచిది కాదు, ఉదయం ఆరింటికే రండి. ముగ్గురు చాలు: బంతి ఒకరికి, స్క్రీన్ ఒకరికి, మూడోవాళ్లు డిఫెన్స్. మొదట షాట్ లేదు, పాస్ లేదు. స్క్రీనర్ పరుగు, ఆగడం, "పో", భుజం తుంటికి రాసుకుంటూ ఒక డ్రిబుల్. అంతే. కుడి వింగ్‌లో వరసగా 25, ఎడమ వింగ్‌లో వరసగా 25. మాటకు ముందు బంతి కదిలినా, ఆగాక పాదం జరిగినా మళ్లీ ఒకటి నుంచి లెక్క. ఇరవై నాలుగో దాంట్లో తప్పినా సరే. అది పూర్తయ్యాక డిఫెండర్‌ను ఐస్ చేయమని చెప్పి, రెండు డ్రిబుల్‌లు, ఎల్బోకు పాస్, ప్రతి వింగ్‌లో 15 సార్లు చేయండి. రోల్ పాఠం వచ్చేవారం, ఈ లెక్క పూర్తి చేసినవాళ్లకే అది పనికొస్తుంది.

తప్పు ఎవరిదో తేలక గొడవ పడేకంటే ఫోన్‌ను సైడ్‌లైన్ అవతల నేల మీద ఆనించి రికార్డ్ చేయండి. నడుము నుంచి కింద కనబడితే చాలు, ముఖాలు అక్కర్లేదు.