పాత సరుకు వ్యాన్‌లో స్టీరింగ్ వదులైతే: స్పానర్ పట్టుకునే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య ఒక పాత సరుకు వ్యాన్ మలుపు తిరిగిన తరువాత మళ్లీ నేరుగా రాక, రోడ్డు మధ్య గీత దాటి ఎదుటి వాహనాల దారిలోకి వెళ్లిపోయింది. తరువాత బండిని విప్పి చూసినప్పుడు టైర్లలోను, బ్రేకులలోను లోపమేమీ కనిపించలేదు. స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ వీల్ తిప్పుడును చక్రాల లింకులకు అందించే పళ్ల పెట్టె) మీది అడ్జస్టింగ్ స్క్రూను మాత్రం తిరిగినంత మేరకు లోపలికి బిగించి ఉంచారు. బండి రోడ్డు మీద అటూ ఇటూ లాగుతోందని, స్టీరింగ్ వదులుగా ఉందని చేయించిన మరమ్మతు అది.

హ్యాండ్ బ్రేక్ వేయాలని, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి అందరికీ తెలిసినవే. పాత వ్యాన్ల స్టీరింగును పాడుచేసి, నడిపేవారిని ఆసుపత్రి పాలు చేసిన ఒక్క పొరపాటు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. స్టీరింగ్‌లో ఆట (చక్రాలు కదలకుండానే స్టీరింగ్ వీల్ కొంత తిరిగే వదులు) కనిపించగానే, ఆ ఆట ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా బాక్స్ స్క్రూను బిగించడమే ఆ పొరపాటు. ఆ స్క్రూ చేతికి సులభంగా అందుతుంది. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే చాలు, కొత్త సామాను కొనే పని లేదు. బిగించిన వెంటనే స్టీరింగ్ చేతికి గట్టిగా తగిలి పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఆ స్క్రూ నిజంగా చేసే పని

పాత సరుకు వ్యాన్లలో చాలావాటికి రీసర్క్యులేటింగ్ బాల్ రకం స్టీరింగ్ బాక్స్ ఉంటుంది. దానిలో స్టీరింగ్ వీల్‌తో పాటు తిరిగే, మర లాంటి వార్మ్ షాఫ్ట్ తిరిగినప్పుడు, దాని మీద బాల్స్ సాయంతో కదిలే బాల్ నట్ ముందుకూ వెనుకకూ జరుగుతూ సెక్టర్ షాఫ్ట్ పళ్లను తిప్పుతుంది. సెక్టర్ షాఫ్ట్ చివరన ఉన్న డ్రాప్ ఆర్మ్ కింది లింకులను (చక్రాలకు కలిపే కడ్డీలను) కదిలిస్తుంది. బాక్స్ మీది స్క్రూ ఈ సెక్టర్ షాఫ్ట్‌ను బాల్ నట్ పళ్లకు దగ్గరగా నెడుతుంది. ఆ పళ్లను తయారుచేసేటప్పుడే, చక్రాలు నేరుగా ఉన్న స్థితిలో పట్టు బిగుతుగా, పక్కలకు తిరిగినప్పుడు కొద్దిగా వదులుగా ఉండేలా చేస్తారు. అందువల్ల చక్రాలు పక్కకు తిరిగి ఉండగా ఆట కనిపించిందని స్క్రూను బిగిస్తే, అవి నేరుగా వచ్చేసరికి పళ్లు ఒకదానినొకటి నొక్కుకుని పట్టేస్తాయి. బాక్స్ పాతదై మధ్య పళ్లు బాగా అరిగి ఉంటే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. మధ్యలో సరిపోయేలా బిగించినది మలుపులో పట్టేస్తుంది.

మలుపు తరువాత ముందు చక్రాలు వాటంతట అవే నేరుగా రావడానికి కారణం కాస్టర్ కోణం, అంటే చక్రం పక్కలకు తిరిగే ఇరుసు వెనుకకు వాలి ఉండే కోణం. ఆ కోణం ఇచ్చే బలం చాలా కొద్దిది. బాక్స్‌లో రాపిడి పెరిగితే ఆ బలం సరిపోదు. అప్పుడు స్టీరింగ్ ఎక్కడ వదిలితే అక్కడే నిలిచిపోతుంది. తిన్నని రోడ్డు మీద కూడా డ్రైవర్ చేసిన ప్రతి చిన్న సవరణా మిగిలిపోయి, దాన్ని సరిదిద్దడానికి ఇంకొక సవరణ చేయవలసి వస్తుంది. బయటి నుంచి చూస్తే బండి అటూ ఇటూ ఊగుతున్నట్టే ఉంటుంది. అంటే అతిగా బిగించిన బాక్స్, వదులైన బాక్స్ లాగానే బండిని ఊపుతుంది. ఇది తెలియనివారు ఇంకా వదులుగానే ఉందనుకుని మళ్లీ బిగిస్తారు. పవర్ స్టీరింగ్ ఉన్న వ్యాన్లలో ఈ పట్టేయడాన్ని ఆయిల్ ఒత్తిడి కప్పిపుచ్చుతుంది కాబట్టి చేతికి తెలియదు, రోడ్డు మీదనే తెలుస్తుంది. ర్యాక్ అండ్ పినియన్ (బాక్స్ బదులు పళ్ల కడ్డీతో చక్రాలను తిప్పే రకం) ఉన్న వ్యాన్లలో ర్యాక్ వెనుక ఉండే సర్దుబాటు బిరడాకు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

కాబట్టి మొదటి నియమం ఇది: ఆట ఎక్కడుందో కంటితో చూసేవరకు బాక్స్ స్క్రూను ముట్టుకోవద్దు.

ఆట ఎక్కడుందో కనిపెట్టడం

లింకుల పరీక్షకు బండి బరువు టైర్ల మీదే ఉండాలి. ముందు చక్రాలను గాలిలోకి ఎత్తితే లింకులకు ఎదురు నిలిచే బరువు ఉండదు, అరిగిన జాయింట్లు కూడా బాగున్నట్టే కనిపిస్తాయి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ వీల్‌ను కొద్దిగా ఎడమకూ కుడికీ ఆడిస్తుండగా, మరొకరు కింద నుంచి ఒక్కొక్క జాయింటును వరుసగా చూడాలి. ఒకవైపు భాగం కదిలి, దాని తరువాతి భాగం ఆలస్యంగా కదిలితే ఆ రెంటి నడుమనే అరుగుదల ఉన్నట్టు. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి ఈ పరీక్షలో ఇంజను నడుస్తూ ఉండాలి. కాబట్టి పరీక్ష ఆరుబయటే చేయాలి, నాలుగు చక్రాలకూ అడ్డాలు పెట్టాలి, కింద ఉన్నవారు లింకుల మధ్య వేళ్లు పెట్టకూడదు. పవర్ స్టీరింగ్ లింకును తోసే బలం వేలి ఎముకను నలిపివేయడానికి సరిపోతుంది. కింద ఉన్న మనిషి మాట చెప్పనిదే పైనున్నవారు స్టీరింగ్ తిప్పకూడదు.

పైనుంచి కిందికి వరుసగా చూడండి. స్టీరింగ్ కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్, రబ్బరు కప్లింగ్, బాక్స్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, డ్రాప్ ఆర్మ్, లింకులకు రెండో పక్క ఆధారమిచ్చే ఐడ్లర్ ఆర్మ్, డ్రాప్ ఆర్మ్ నుంచి వచ్చే డ్రాగ్ లింక్, చక్రాలను కలిపే కడ్డీ చివరి జాయింట్లైన టై రాడ్ ఎండ్లు, చివరకు ముందు చక్రం తిరిగే ఆధారమైన బాల్ జాయింట్లు లేదా కింగ్ పిన్‌లు. బాక్స్ బోల్టుల దగ్గర ప్రత్యేకంగా ఆగండి. స్టీరింగ్ ఆడించినప్పుడు బాక్స్ మొత్తంగా కదిలితే బోల్టులు వదులై ఉండవచ్చు, లేదా ఛాసిస్ రేకే పగిలి ఉండవచ్చు. తుడిచి చూస్తే ఆ పగులు సన్నని తుప్పు గీతలా కనిపిస్తుంది. పగులు కనిపించిన బండిని నడుపుకుంటూ తీసుకుపోకండి. ఛాసిస్ మరమ్మతు తెలిసినవారిని పిలిపించండి, లేదా మరొక బండి మీద ఎక్కించి పంపండి.

ఊగడానికి కారణం ముందువైపే ఉండాలని లేదు. వెనుక కమాను (ఆకు స్ప్రింగు) బుష్‌లు అరిగినా, కమానును యాక్సిల్‌కు పట్టి ఉంచే యు బోల్టులు వదులైనా, కమాను కట్ట మధ్య బోల్టు తెగినా వెనుక యాక్సిల్ పక్కకు జరిగి బండినే తిప్పుతుంది. ముందు భాగాన్ని ఎంత బిగించినా ఇది పోదు. ఎక్కువ బరువు మోయాలని వెనుక అదనపు కమాను పట్టీలు వేయించిన వ్యాన్ ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం పైకి లేచి ఉంటుంది. దానివల్ల కాస్టర్ తగ్గి, బండి తిన్నగా నిలవదు. సరుకు వెనుక యాక్సిల్‌కు అవతల పేర్చినా ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. అన్నిటికంటే ముందు, టైర్లు చల్లగా ఉండగా గాలి కొలవండి. స్టీరింగ్ బాక్స్‌ను నిందించిన కొన్ని బండ్లలో అసలు దోషం ఒక టైరులో తగ్గిన గాలి.

చక్రాలు ఎత్తి చూసేటప్పుడు

జాకీ ఎత్తడానికే తప్ప నిలబెట్టడానికి కాదు; స్టాండ్లు పెట్టనిదే కిందికి వెళ్లవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్, కింగ్ పిన్, వీల్ బేరింగుల ఆట తెలుస్తుంది. ఒకరు బ్రేకు తొక్కి ఉంచినప్పుడు ఆ ఆట మాయమైతే అది బేరింగుది, అలాగే ఉంటే జాయింటుది. కింది ఆర్మ్ మీద స్ప్రింగు ఉన్న బండిలో జాకీని ఆ ఆర్మ్ కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే స్ప్రింగు ఒత్తిడి జాయింటును బిగించి ఉంచి, అరుగుదలను దాచేస్తుంది.

ఇంతవరకు చూసి, లింకులన్నీ బాగున్నాయని తేలి, డ్రాప్ ఆర్మ్ కదలకముందే స్టీరింగ్ వీల్ ఎక్కువ తిరుగుతోందని, ఆ తేడా బాక్స్ లోపలే ఉందని కంటితో చూసిన తరువాతనే స్క్రూ గురించి ఆలోచించాలి. అప్పుడైనా లింకును డ్రాప్ ఆర్మ్ నుంచి విడదీసి, మాన్యువల్ చెప్పినట్టు ముందు వార్మ్ బేరింగుల బిగుతును సరిచేసి, బాక్స్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి, ఆ తరువాతే సెక్టర్ బిగుతును టార్క్ రెంచ్‌తో కొలుస్తూ సవరించాలి. చేతి అంచనాతో సవరించవద్దు. మాన్యువల్ చెప్పిన కొలతలో ఆట పోకపోతే బాక్స్ అరిగిపోయిందని అర్థం. దానిని విప్పించాలి లేదా మార్చాలి, ఇంకా బిగించకూడదు.

విప్పి బిగించే పనిలో పాటించవలసినవి ఇవి.

– టై రాడ్ ఎండ్ నట్‌కు స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా రంధ్రంలో దూర్చి వంచే పిన్ను) రంధ్రం కలవకపోతే నట్‌ను వెనక్కి తిప్పవద్దు. ముందుకు మాత్రమే తిప్పి కలపాలి. వెనక్కి తిప్పితే జాయింటు మొన పట్టు వదులుతుంది.

– పాత స్ప్లిట్ పిన్‌ను మళ్లీ వాడవద్దు. దాని స్థానంలో మేకు గాని తీగ గాని పెట్టవద్దు.

– వంగిన లింకును వేడిచేసి సాపు చేయించవద్దు. స్టీరింగ్ భాగం దేనికీ వెల్డింగ్ వేయించవద్దు.

– కాలమ్ కింది జాయింటు బోల్టు షాఫ్ట్ మీది గాడిలో కూర్చుందో లేదో చూడండి. గాడి తప్పితే బోల్టు బిగిసినట్టే ఉంటుంది, షాఫ్ట్ మాత్రం రోడ్డు మీద ఊడి వస్తుంది.

– కొత్త టై రాడ్ ఎండ్ వేసినప్పుడు రెండు పక్కలా మరలు సమానంగా లోపలికి వెళ్లాలి. క్లాంపులు పక్కనున్న దేనికీ తగలకూడదు.

– పని అయ్యాక స్టీరింగ్ వీల్ వంకరగా నిలిచిందని దానిని పీకి తిన్నగా పెట్టవద్దు. అలా చేస్తే బాక్స్ మధ్య స్థానం, చక్రాల నేరు స్థానం వేరవుతాయి. బండి ఎప్పుడూ పళ్లు వదులుగా ఉన్నచోటనే నడుస్తూ ఊగుతుంది. టై రాడ్ల పొడవును గాని, డ్రాగ్ లింక్ పొడవును గాని సరిచేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న వీల్‌ను అసలే ముట్టుకోవద్దు.

– ఆ ఊగుడు చూసి మళ్లీ బాక్స్ స్క్రూ వైపు చేయి చాపవద్దు.

– చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. ఎక్కడ పట్టినా, ఎక్కడ బ్రేకు గొట్టం రాసుకున్నా బండి కదలకూడదు.

– మొదటిసారి ఖాళీ బండిని, ఖాళీ స్థలంలో, నెమ్మదిగా నడపండి. మలుపు తరువాత స్టీరింగ్ పట్టు సడలించి చూడండి. తనంతట తాను నేరుగా రాకపోతే అక్కడే ఆపండి.

– కొంత దూరం నడిపాక ప్రతి నట్‌నూ మళ్లీ రెంచ్‌తో చూడండి.

– టై రాడ్ విప్పిన బండికి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను కొలిచి సరిచేయడం) తప్పనిసరి. కంటితో చూసి సరిపోయిందనవద్దు, కాస్టర్ కూడా కొలిపించండి.

– ఆ కొలతలు చేతికి వచ్చేవరకు ఆ వ్యాన్‌లో సరుకు ఎక్కించవద్దు, పెద్ద రోడ్డు ఎక్కవద్దు, మరొక డ్రైవర్‌కు తాళం ఇవ్వవద్దు.