వానల్లో ఏసీ నుంచి గదిలోకి నీళ్లు: నా అనుభవం

విశాఖలో వానలు మొదలవగానే మా బెడ్‌రూమ్ ఏసీ కింద గోడంతా తడి, మంచం మీద టపటపా చుక్కలు. వాన నీళ్లే గోడ కన్నంలోంచి వస్తున్నాయని ఇంట్లో టెన్షన్. మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు. గది బాగానే చల్లబడుతోంది, ఏసీ లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచూ కట్టలేదు. గ్యాస్ తగ్గిన లక్షణాలేవీ లేవు కాబట్టి ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపేసి బయటికెళ్లి చూశాను. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు చివర సన్‌షేడ్ మీద నిలిచిన వాన నీళ్లలో మునిగి ఉంది. రాలిన వేపాకులు అక్కడి తూము మూసేశాయి. చివర మునిగితే పైపులోని గాలికి దారి ఉండదు, నీరు దిగదు. గాలిలో తేమ పెరిగేకొద్దీ కాయిల్ మీద నీరూ ఎక్కువే చేరుతుంది. అదంతా కాయిల్ కింద ఉండే ట్రే నిండి గదిలోకి పొర్లుతోంది.

ఆకులు తీసేశాను. పైపు ఊదితే నల్లటి జిగట పాచి ముద్దగా వచ్చి పడింది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చివర కాస్త కోసి, సన్‌షేడ్‌కి జానెడు పైన ఉండేలా, మధ్యలో ఎక్కడా వంగకుండా వాలుగా క్లిప్పులు బిగించాను. ట్రేలో చెంబుడు నీళ్లు పోస్తే గలగలా దిగిపోయాయి. మళ్లీ చుక్క పడలేదు.

అవుట్‌డోర్ యూనిట్‌కి మాత్రం టార్పాలిన్ కప్పి ఏసీ నడపకండి. అది వానకు తట్టుకునేలానే తయారవుతుంది. కప్పితే వేడి బయటికి పోక కంప్రెసర్ మీద భారం పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినట్టు వరద వచ్చి యూనిట్ మునిగితే సంగతి వేరు; టెక్నీషియన్ చూసేదాకా స్విచ్ వేయొద్దు.