యూదుల వసంత పండుగలు – పాఠం 3: ఓమెర్ లెక్క

గత పాఠంలో పస్కా ముందు రాత్రి ఇంట్లో పులిసిన పదార్థాన్ని వెతకడం, మర్నాడు దాన్ని కాల్చేయడం వరకు నేర్చుకున్నాం. ఈ పాఠం పస్కా రెండో రాత్రితో మొదలవుతుంది. ఆ రాత్రి నుంచి వరుసగా 49 రాత్రులు యూదులు అది ఎన్నో రోజో లెక్క చెప్పుకుంటారు. అదే ఓమెర్ లెక్క. ఓమెర్ అంటే మందిరంలో అర్పించిన యవల మొదటి పన. 50వ రోజు షవూఓత్, తెలుగు బైబిలు చెప్పే వారముల పండుగ. లెక్క చెప్పడానికి అర నిమిషం చాలు. అయినా పస్కా కోసం ఇల్లంతా మూలమూలనా కడిగినవాళ్లు కూడా ఇక్కడ జారిపోతుంటారు. పని కష్టమని కాదు, రోజూ గుర్తుండాలి కాబట్టి.

పాఠం పూర్తయ్యేసరికి ఏ రాత్రి ఏ సంఖ్యో మీకై మీరు తేల్చుకోగలగాలి, దాన్ని సరైన వరుసలో పలకగలగాలి. లెక్క తప్పితే ఆపై ఏం చేయాలో కూడా తెలియాలి.

ఎవరి లెక్క వారిదే

మొదటి పాఠంలో పూరీము చూశాం కదా. అక్కడ ఒకరు ఎస్తేరు గ్రంథం చదివితే, శ్రద్ధగా విన్న అందరి బాధ్యతా తీరిపోతుంది. ఓమెర్ దగ్గర ఆ వెసులుబాటును నమ్ముకోకూడదు. లేవీయకాండము 23:15లో ఆజ్ఞ బహువచనంలో, "మీకై మీరు" అని ఉంది. ప్రతి ఒక్కరూ స్వయంగా లెక్కించాలని రబ్బీల ధర్మచర్చల సంకలనమైన తల్మూదు దాని నుంచే తేల్చింది. అందుకే సినగాగులో సాయంత్రపు ప్రార్థన, అంటే మారీవ్, అయ్యాక ముందు నిలబడినవారు దీవెన చెప్పి సంఖ్య పలుకుతారు. తర్వాత అక్కడున్న ప్రతి ఒక్కరూ మళ్లీ తమ నోటితో చెబుతారు. సరైన సంఖ్య ఏదో అందరికీ తెలియజేయడం సమాజం వంతు, పలకడం మాత్రం ఎవరికి వారిదే. ఈ పాఠంలోని నియమాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

యెరూషలేములో మందిరం ఉన్న కాలంలో, పస్కా వచ్చే నెల అయిన నీసాను 16వ తేదీ రాత్రి యవల కోత కోసేవారు. మూడు సెయాల (సెయా పాత ధాన్యపు కొలత) గింజలు విసిరి, 13 జల్లెళ్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో జల్లించి, చివరికి ఏఫాలో పదో వంతు పిండి తీసేవారు. అంటే ఇప్పటి కొలతలో రెండు లీటర్ల పైచిలుకు. మొదటి పన అంటే అది. అది అర్పించేదాకా ఆ ఏటి కొత్త ధాన్యం ఎవరూ తినకూడదు. 50వ రోజున గోధుమపిండితో చేసిన రెండు పులిసిన రొట్టెలు అర్పించేవారు. క్రీ.శ. 70లో మందిరం కూలాక అర్పణలు ఆగిపోయాయి, లెక్క మాత్రం ఆగలేదు.

సంఖ్య పట్టుకోవడం

మనకు తిథి సూర్యోదయంతో ముడిపడి ఉంటుంది. యూదుల రోజు సాయంత్రమే మొదలవుతుంది. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. గోడ క్యాలెండర్‌లో ఒక గడిలో అచ్చయిన హీబ్రూ తేదీ ఆ పగటిది. ఆ రాత్రి లెక్క చెప్పేటప్పుడు దానికి ఒకటి కలపాలి.

ఓమెర్ కాలంలో వచ్చే నెలల నిడివి ఏ ఏడూ మారదు. నీసానుకు 30 రోజులు, దాని తర్వాతి ఇయ్యార్‌కు 29. ఆపై వచ్చేది సీవాను. కాబట్టి సూత్రం సులువు. నీసానులో హీబ్రూ తేదీ నుంచి 15 తీసేయండి. ఇయ్యార్‌లో తేదీకి 15 కలపండి. సీవానులో 44 కలపండి. నీసాను 16 అంటే 1. ఇయ్యార్ 18 అంటే 33, అదే లాగ్ బాఓమెర్. సీవాను 5 అంటే 49. ఈ మూడూ గుర్తుంటే సూత్రం మరిచిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు.

వచ్చిన సంఖ్య సరైనదో కాదో వారంతో సరిచూడండి. 2027లో పస్కా విందు ఏప్రిల్ 21 బుధవారం రాత్రి, మొదటి లెక్క ఏప్రిల్ 22 గురువారం రాత్రి. అంటే ఆ ఏడాది ప్రతి గురువారం రాత్రీ కొత్త వారం మొదలు, ప్రతి బుధవారం రాత్రీ ఏడు గుణిజం. సోమవారం రాత్రి మీ లెక్కను ఏడుతో భాగిస్తే శేషం 5 రావాలి. మే 24 సోమవారం రాత్రి 33, శేషం 5. సరిపోయింది. ఈ రెండో పరీక్ష వదలకండి. తేదీ ఒకటి అటూ ఇటూ అయితే దీనితో వెంటనే పట్టుబడుతుంది.

మోషే ధర్మశాస్త్రంలోని "విశ్రాంతి దినపు మరునాడు" అనే మాటను రబ్బీల సంప్రదాయాన్ని ఒప్పుకోని కరాయీలు, సమరయులు శనివారపు మరునాడుగా తీసుకుని ఆదివారంతో లెక్క మొదలుపెడతారు. ఇక్కడ నేర్పుతున్నది రబ్బీల సంప్రదాయం. అందులో ఆ విశ్రాంతి దినం పస్కా మొదటి రోజే.

పలకడం

నక్షత్రాలు కనిపించేంత చీకటి పడ్డాక, నిలబడి చెప్పాలి. కూర్చుని చెప్పినా లెక్క చెల్లుతుంది. నిలబడలేని పెద్దవాళ్లను దీనికోసం కష్టపెట్టక్కర్లేదు. ముందు దీవెన:

బారూఖ్ అత్తా అదోనాయ్ ఎలోహేను మెలెఖ్ హాఓలామ్, అషెర్ కిద్దెషాను బెమిత్స్వోతావ్ వెత్సివ్వాను అల్ సెఫిరాత్ హాఓమెర్.

సాధన చేసేటప్పుడు "అదోనాయ్" బదులు "హషేమ్" అనండి. దేవుని నామాన్ని ఊరికే ఉచ్చరించరు.

దీవెన ముగిసిన వెంటనే సంఖ్య పలకాలి, మధ్యలో వేరే మాట రాకూడదు. సంఖ్య ఏదో తేల్చుకున్నాకే దీవెన మొదలుపెట్టాలి. దీవెన చెప్పేసి పక్కవాళ్లను "ఎంత?" అని అడిగే పరిస్థితి తెచ్చుకోకూడదు. 17వ రాత్రి ఇలా ఉంటుంది: "హయోమ్ షివ్ఆ ఆసార్ యోమ్, షెహేమ్ ష్నే షావూఓత్ ఉష్లోషా యామీమ్ లాఓమెర్." ముందు రోజులు, తర్వాత వారాలు, ఆపై మిగిలిన రోజులు. రెండూ చెప్పాలన్నది తల్మూదు నియమం. మొదటి ఆరు రాత్రులు వారాల ఊసు ఉండదు. ఏడో రాత్రి నుంచి ఉంటుంది. రెండు నుంచి పది దాకా "యామీమ్", పదకొండు నుంచి "యోమ్". సెఫార్దీలు (స్పెయిన్ మూలాల యూదులు) "లాఓమెర్" అనే మాటను రోజుల సంఖ్య వెనకే చెబుతారు, అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) చివర్లో. అష్కెనాజీల్లో కొందరు "బాఓమెర్" అంటారు. మీరు ఏ సమాజంతో ప్రార్థిస్తున్నారో వాళ్ల వరుసే పట్టుకోండి.

అర్థమయ్యే ఏ భాషలోనైనా లెక్కించవచ్చు. హీబ్రూలో పలికి, పలికిన సంఖ్య ఏదో తెలియకపోతే అది లెక్క కాదని ముఖ్యమైన ధర్మకారులు తేల్చారు. హీబ్రూ సంఖ్యలు ఇంకా రానివాళ్లు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని తెలుగు యూదుల బెనె ఎఫ్రాయిమ్ సమాజం వంటి చోట్ల కొత్తగా నేర్చుకునేవాళ్లు, ఇది గమనించాలి. "ఈ రోజు ఓమెర్‌కు పదిహేడు రోజులు, అంటే రెండు వారాలు, మూడు రోజులు" అని తెలుగులో తెలిసి చెప్పడం, తెలియకుండా హీబ్రూలో వల్లించడం కన్నా మేలు.

ఎక్కడ జారుతుంది

చాలామంది లెక్క తప్పేది శుక్రవారం రాత్రి. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ చాలా సమాజాలు శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినాన్ని, అంటే సబ్బాతును, త్వరగా మొదలుపెట్టి, వెలుగుండగానే మారీవ్ ముగిస్తాయి. అప్పటికి ఓమెర్ లెక్కకు వేళ కాదు. ఇంటికొచ్చి, తిని, పడుకుంటారు. సబ్బాతు కనుక ఫోన్ ముట్టరు, అలారం పనికిరాదు. ఉపాయం ఏమిటంటే, సంఖ్యను శుక్రవారం పగలే పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి భోజనాల బల్ల మీద పెట్టాలి. గుర్తుచేసే పని ఇంట్లో ఒకరికి అప్పగించాలి. మిగతా రోజుల్లోనూ లెక్క వేళకు అరగంట ముందు నుంచి భోజనానికి కూర్చోకూడదన్న నియమం ఈ మరుపు కోసమే. శనివారం రాత్రి హవ్దాలా, అంటే సబ్బాతు ముగింపు దీవెనల కంటే ముందే లెక్క చెప్పాలి.

వెలుగుండగానే లెక్కించే గుంపులో మీరు ఉంటే, వాళ్లతో పాటు దీవెన లేకుండా చెప్పండి. చీకటి పడ్డాక గుర్తొస్తే దీవెనతో మళ్లీ చెప్పండి.

రెండో ప్రమాదం మాటల్లో ఉంది. సూర్యాస్తమయం అయ్యాక, మీరు ఇంకా లెక్క చెప్పకముందు, ఎవరైనా "ఈ రాత్రి ఎంత?" అని అడిగితే "ఈ రోజు పదిహేడు" అనకూడదు. ఆ మాటతోనే మీ లెక్క అయిపోతుంది, ఇక దీవెన చెప్పే వీలుండదు. "నిన్న పదహారు" అనాలి. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువాళ్లు ఇది తెలుసుకుని ఉంటే మంచిది. లెక్క చెప్పాల్సిన బాధ్యత మీది కాదు కాబట్టి మీరు సంఖ్య చెప్పినా ఇబ్బంది లేదు. పెద్దాయన చేత ముందుగా పలికించకండి, అంతే. కాగితం చూపిస్తే ఇంకా మంచిది.

రాత్రంతా మరిచిపోతే మర్నాడు పగలు, సూర్యుడు అస్తమించేలోగా, దీవెన లేకుండా చెప్పాలి. అలా చెప్పినవారు ఆ రాత్రి నుంచి మామూలుగా దీవెనతో కొనసాగవచ్చు. పగలు కూడా దాటిపోతే మిగిలిన రాత్రులన్నీ లెక్కించాలి, దీవెన మాత్రం ఉండదు. దీనికి కారణం ఉంది. 49 రాత్రులూ కలిసి ఒకే ఆజ్ఞ అని ఒక పక్షం, ఏ రాత్రికి ఆ రాత్రే ఒక ఆజ్ఞ అని ఇంకో పక్షం. రెండో పక్షం ప్రకారం లెక్క ఆపకూడదు. మొదటి పక్షం ప్రకారం వరుస తెగింది కనుక దీవెనకు చోటు లేదు. 16వ శతాబ్దపు యూదుల ధర్మసంగ్రహం షుల్హాన్ ఆరూఖ్ రెండింటినీ గౌరవించి ఈ తీర్పు ఇచ్చింది. నిన్న చెప్పానో లేదో నిజంగా గుర్తులేకపోతే మాత్రం దీవెనతోనే కొనసాగాలి. చెప్పి ఉండవచ్చు, చెప్పకపోయినా రెండో పక్షమే సరైనదై ఉండవచ్చు. అనుమానం మీద అనుమానం ఉన్నప్పుడు దీవెన నిలుస్తుంది.

తప్పు సంఖ్య పలికితే, "షాలోమ్ అలేఖా రబ్బీ" అనేంత సేపటిలో, అంటే రెండు మూడు సెకన్లలో, దిద్దుకుంటే చెప్పిన దీవెనే సరిపోతుంది. ఆ తర్వాత గుర్తిస్తే దీవెనతో మొదలుపెట్టి మళ్లీ చెప్పాలి. అంతర్జాతీయ దినరేఖ దాటే ప్రయాణముంటే తీర్పులు వేర్వేరుగా ఉన్నాయి, టికెట్ కొన్నప్పుడే మీ రబ్బీని అడగండి.

సినగాగు నిర్వాహకులకు ఒక మాట. వరుస తెగినవారు దీవెన చెప్పలేరు. అలాంటివారిని అందరి ముందు నిలబెట్టి, అప్పుడు నోరు విప్పి ఒప్పుకోవాల్సిన స్థితి తేవడం చాలా తప్పు. ప్రార్థనకు ముందే పక్కకు పిలిచి మెల్లగా అడగండి, వంతు మరొకరికి ఇవ్వండి. తప్పినవారు పక్కవారి దీవెన విని "ఆమేన్" అని, సంఖ్య తాము పలుకుతారు.

లెక్కతో పాటు వచ్చే బరువు

ఈ వారాల్లో చాలా సమాజాలు పెళ్లిళ్లు చేయవు, జుట్టు కత్తిరించుకోవు, సంగీతానికి దూరంగా ఉంటాయి. రబ్బీ అకీబా శిష్యులు 12 వేల జతలు, అంటే 24 వేల మంది, ఈ రోజుల్లోనే చనిపోయారని తల్మూదు చెబుతుంది. ఒకరినొకరు గౌరవించుకోకపోవడమే కారణం అంటుంది. వాళ్లు చదువు లేనివాళ్లు కారు. పక్కవాడి చదువుకు విలువ ఇవ్వనివాళ్లు. 1096లో రైన్ నదీతీరపు వర్మ్స్, మైంట్స్ సమాజాలను క్రూసేడ్ మూకలు హతమార్చింది కూడా ఈ కాలంలోనే, ఆ దుఃఖమూ దీనిలో కలిసింది. నియమాలు పాటించే తేదీలు సమాజాన్ని బట్టి మారతాయి. అష్కెనాజీల్లో చాలామంది 33వ రోజున, సెఫార్దీలు 34వ రోజు ఉదయం జుట్టు కత్తిరించుకుంటారు. పస్కాకూ షవూఓత్‌కూ మధ్య ఆరు సబ్బాతులు వస్తాయి. ఒక్కో సబ్బాతు మధ్యాహ్నం పిర్కే అవోత్‌లో ఒక్కో అధ్యాయం చదువుతారు. తోటివాడితో ఎలా నడుచుకోవాలో చెప్పే గ్రంథాన్ని ఈ కాలానికే ఎంచుకోవడం మాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

లేవీయకాండము 23లో పండుగల పట్టిక నడుస్తూ నడుస్తూ, షవూఓత్ అయిన వెంటనే 22వ వచనంలో ఆగి, పొలం అంచు కోయవద్దని, పరిగె బీదలకు వదలమని చెబుతుంది. తల్మూదుకు ఆధారమైన మిష్నా దీనికి కొలతలు పెట్టింది. అంచులో కనీసం అరవయ్యో వంతు వదలాలి. కోసేటప్పుడు చేతిలోంచి ఒకటి రెండు వెన్నులు జారితే అవి బీదలవి. ఒకేసారి మూడు జారితే యజమానివి. రూతు గ్రంథంలో బోయజు ఇంకో అడుగు వేస్తాడు. పనలలోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడేయమని కోతగాళ్లకు చెబుతాడు, రూతు తలెత్తుకుని ఏరుకోవడానికి. ఇజ్రాయెల్‌లో పొలాల్లో మిగిలిన పంటను సేకరించి పంచే లెకెట్ ఇజ్రాయెల్ సంస్థ పేరు ఈ పరిగె నుంచే వచ్చింది.

పొలం లేనివారికి మా సూచన ఒకటి, ఇది నియమం కాదు. లెక్క చెప్పే ముందు రాత్రిరాత్రికీ కొంత డబ్బు దానం డబ్బాలో వేయండి. సబ్బాతు, పండుగ రాత్రుల్లో డబ్బు ముట్టరు కనుక ఆ వంతు ముందే వేసేయండి. షవూఓత్‌కు మూడు రోజుల ముందే డబ్బా తెరిచి, డబ్బు అవసరమైన ఇంటికి చేర్చండి. పండుగ సరుకులు కొనుక్కోవడానికి వాళ్లకూ సమయం కావాలి.

అభ్యాసం

కాగితం మీద చేయండి, పక్కనే జవాబు ఉంది కదా అని చూడకండి.

1. నీసాను 27, ఇయ్యార్ 9, సీవాను 2: ఈ రాత్రుల లెక్క వారాలతో సహా చెప్పండి.
2. 2027 మే 9 ఆదివారం గడిలో ఇయ్యార్ 2 అని ఉంది. ఆ రాత్రి ఎంత?
3. 20వ రాత్రి మరిచిపోయి, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చింది. అప్పుడేం చేయాలి? 21వ రాత్రి దీవెన ఉంటుందా?

జవాబులు: 1. 12 (ఒక వారం, అయిదు రోజులు). 24 (మూడు వారాలు, మూడు రోజులు). 46 (ఆరు వారాలు, నాలుగు రోజులు). 2. రాత్రికి ఇయ్యార్ 3 అవుతుంది కనుక 18. గురువారం నుంచి ఆదివారం నాలుగోది, శేషం 4, సరిపోయింది. 17 వచ్చిందంటే పగటి తేదీ వాడారన్నమాట. 3. వెంటనే దీవెన లేకుండా 20 చెప్పాలి. 21వ రాత్రి దీవెన ఉంటుంది.

వచ్చే పాఠం షవూఓత్ రాత్రి: తెల్లవార్లూ సాగే చదువును ఎలా ఏర్పాటు చేయాలి, 49 రోజులూ నిండుగా పూర్తయ్యేలా ఆ రాత్రి చీకటి పడేదాకా మారీవ్ ఎందుకు మొదలుపెట్టరు, పాల వంటలకు వంటగదిని ఎలా సర్దుకోవాలి. ఈలోగా రూతు గ్రంథం నాలుగు అధ్యాయాలూ చదివి ఉంచండి. రెండో అధ్యాయంలో బోయజు చేసిన పనుల్లో ఆజ్ఞ ప్రకారం చేయాల్సినవి ఏవో, అంతకు మించి చేసినవి ఏవో విడివిడిగా రాసుకుని రండి.