మీ ఎంపీ ఏ బిల్లుకు ఎటు ఓటేశారో, సభలో ఏం మాట్లాడారో మీరే తెలుసుకోవడం ఎలా?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా బాబాయి ఒక ఫొటో కార్డు పెట్టారు. మా ఎంపీ ఫలానా బిల్లుకు ఓటేసి రైతుల నోట్లో మట్టి కొట్టాడని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. కాసేపటికి మా బావ ఇంకో కార్డు పెట్టాడు, అదే ఎంపీ అదే బిల్లును సభలో చీల్చి చెండాడాడని. రెండు గంటలు గొడవ నడిచింది, ఒకరిద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు కూడా. ఆ రాత్రి కూర్చుని పార్లమెంటు రికార్డు తిరగేస్తే, ఆ బిల్లుకు పేరుపేరునా ఓటింగే జరగలేదు, మూజువాణి ఓటుతో అయిపోయింది. మా ఎంపీ ఆ చర్చలో మాట్లాడనూ లేదు. అంటే రెండు కార్డులూ అబద్ధమే.

ఆ తర్వాత నుంచి ఇలాంటివి వచ్చిన ప్రతిసారీ నేనే వెతుక్కుంటున్నాను. ఇది ఎవరైనా చేయగలిగిన పని. ఫోను, ఇంటర్నెట్టు, ఒక గంట ఓపిక ఉంటే చాలు.

మొదట బిల్లు, సభ, తేదీ రాసుకోండి

"ఆ రైతు బిల్లు", "ఆ ముస్లింల బిల్లు" అని వెతికితే ఏమీ దొరకదు. బిల్లు పూర్తి పేరు, అది ఏ సభలో ఏ రోజు ఓటింగుకు వచ్చింది అన్న మూడూ కావాలి. ఇందుకు పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ వెబ్‌సైటు బాగా పనికొస్తుంది. అందులో ప్రతి బిల్లుకూ ఒక పేజీ ఉంటుంది, ఎప్పుడు ప్రవేశపెట్టారు, ఏ సభలో ఎప్పుడు ఆమోదం పొందింది అని తేదీలు వరసగా ఇస్తారు. మీ ఎంపీ లోక్‌సభ సభ్యుడా, రాజ్యసభ సభ్యుడా అన్నది కూడా ఇక్కడే చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌కు లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది ఉన్నారు, తెలంగాణకు 17 మంది, ఏడుగురు. రెండు సభల్లో ఓటింగు వేర్వేరు రోజుల్లో జరుగుతుంది కాబట్టి లోక్‌సభ ఎంపీ పేరు రాజ్యసభ జాబితాలో వెతికి "అసలు ఓటే వేయలేదు" అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, ఒకే బిల్లు మీద చాలాసార్లు ఓటింగు జరగొచ్చు. ప్రవేశపెట్టేటప్పుడు, చర్చకు తీసుకునేటప్పుడు, సవరణల మీద, చివరగా ఆమోదం మీద. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల రాజ్యాంగ సవరణ బిల్లు మీద లోక్‌సభలో 269 మంది అనుకూలంగా, 198 మంది వ్యతిరేకంగా ఓటేశారు, అయితే అది బిల్లును ప్రవేశపెట్టడానికి జరిగిన ఓటింగు మాత్రమే. బిల్లు ఆ తర్వాత సంయుక్త కమిటీకి వెళ్లింది. అప్పుడు "జమిలి ఎన్నికల బిల్లు లోక్‌సభలో పాసైంది" అని తిరిగిన పోస్టులు తప్పు.

అసలు ఓటింగు జరిగిందా?

చాలామంది తడబడేది ఇక్కడే. మన పార్లమెంటులో బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతోనే పాసవుతాయి. స్పీకరు అడుగుతారు, ఒప్పుకునేవాళ్లు అవునంటారు, కాదనేవాళ్లు కాదంటారు, ఏ గొంతు ఎక్కువ వినిపించిందో చూసి స్పీకరు ఫలితం చెబుతారు. అందులో ఎవరి పేరూ నమోదు కాదు. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోకుండా డివిజన్, అంటే పేరుపేరునా ఓటింగు కావాలని పట్టుబడితే, స్పీకరు అందుకు అనుమతిస్తేనే మీట నొక్కి, లేదా స్లిప్పు మీద రాసి ఓటేస్తారు. పేరుపేరునా రికార్డు మిగిలేది అప్పుడే. రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం ప్రత్యేక మెజారిటీ లెక్క చూపించాలి కాబట్టి వాటికి డివిజన్ తప్పనిసరి.

దీని బరువు మన తెలుగువాళ్లకు అందరికంటే ఎక్కువ తెలియాలి. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది, అంతకు ఐదు రోజుల ముందు సభలో పెప్పర్ స్ప్రే గొడవ జరిగి సీమాంధ్ర ఎంపీలు కొందరు సస్పెండ్ అయ్యారు. రెండు రాష్ట్రాల భవిష్యత్తు మార్చిన ఆ బిల్లు ఆమోదానికి ఏ ఎంపీ అవునన్నాడు, ఏ ఎంపీ కాదన్నాడు అని చూపించే పేర్ల జాబితా లేదు. విభజన కోరుకున్నవాళ్లైనా, వద్దనుకున్నవాళ్లైనా, తమ ప్రతినిధి ఏ పక్కన నిలబడ్డాడో కాగితం మీద చూసుకునే హక్కు వాళ్లకు ఉండాల్సింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు కూడా ఇలాగే పాసయ్యాయి, ప్రతిపక్షాలు డివిజన్ అడిగాయి, గందరగోళం మధ్య మూజువాణితో ముగించారు. కాబట్టి ఆ బిల్లులకు "ఫలానా ఎంపీ ఓటేశాడు" అని ఎవరైనా కార్డు పెడితే, ఏ డివిజన్, నంబరు ఎంత అని అడగండి. అయితే ఓటు లేకపోయినా వైఖరి తెలుస్తుంది, ఎందుకంటే చర్చ రికార్డులో ఉంటుంది. ఆ రోజు టీఆర్ఎస్ వ్యతిరేకించింది, వైసీపీ సమర్థించింది, ఆ ప్రసంగాలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

డివిజన్ జాబితా ఎక్కడ దొరుకుతుంది?

సంసద్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో రెండు సభలూ ఉంటాయి. మీకు కావలసిన సభలోకి వెళ్లి, చర్చల విభాగం తెరిచి, తేదీ పెట్టండి. ఆ రోజు సభలో జరిగినదంతా పీడీఎఫ్‌గా దొరుకుతుంది, వందల పేజీలు ఉంటుంది, భయపడొద్దు. అందులో డివిజన్ అన్న మాట కోసం వెతికితే అనుకూలంగా ఓటేసినవాళ్లు, వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు, తటస్థంగా ఉన్నవాళ్లు అని విడివిడిగా పేర్లు కనిపిస్తాయి. పాత సభల రికార్డులు పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో 1952 నుంచీ ఉన్నాయి.

మన పేర్లతో ఒక చిక్కుంది. జాబితాలో ఇంటిపేరో, చివరి పేరో ముందు పెట్టి ఇంగ్లీషు అక్షరక్రమంలో రాస్తారు, తెలుగు పేర్ల స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. రెడ్డి, రావు, నాయుడు అని వెతికితే పది పేర్లు వస్తాయి. ముందు అదే సైటులో మీ ఎంపీ పేజీ తెరిచి అక్కడ పేరు ఎలా రాశారో చూసి, అందులో అరుదుగా ఉండే ముక్క ఒకటి తీసుకుని వెతకండి.

పేరు దొరకగానే ఆగిపోకుండా జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనిక కూడా చదవండి. బోర్డు మీద వచ్చిన లెక్కకూ, స్లిప్పులు కలిపి సరిచేసిన లెక్కకూ తేడా ఉంటుంది. మీట పనిచేయకపోతే, లేదా తప్పు మీట నొక్కితే స్లిప్పుతో దిద్దుకుంటారు, ఆ దిద్దుబాట్లు అక్కడే ఉంటాయి. ఓటింగు రోజు రాత్రి టీవీలో చెప్పిన అంకె ఆఖరిది కాకపోవచ్చు.

ఆ ఓటు ఆయనదా, పార్టీదా?

ఎటు ఓటేశారో తెలిసింది సరే. దాన్నిబట్టి మనిషిని అంచనా వేసే ముందు విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం సంగతి తెలుసుకోవాలి. రాజ్యాంగంలోని పదో షెడ్యూల్, అంటే 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటు వేయకుండా ఊరుకున్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. అందుకే డివిజన్ జాబితాలో ఒక పార్టీ వాళ్లందరూ ఒకే పక్కన కనిపిస్తారు. 2025 ఏప్రిల్ 2న చర్చ మొదలై అర్ధరాత్రి దాటాక జరిగిన వక్ఫ్ సవరణ బిల్లు ఓటింగులో లోక్‌సభ లెక్క అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232. టీడీపీ బిల్లును సమర్థించింది, వైసీపీ వ్యతిరేకించింది. అక్కడ మీ ఎంపీ ఓటు మీకు చెప్పేది ముందుగా పార్టీ నిర్ణయం, ఆయన మనసు కాదు.

అలాగని ఎంపీని వదిలేయమని కాదు. విప్ ఓటును కట్టేస్తుంది కానీ నోటిని పూర్తిగా కట్టేయదు. పార్టీ గీసిన గీత లోపలే తన నియోజకవర్గం మాట ఎత్తాడా, సవరణ అడిగాడా, కమిటీలో ఉంటే అసమ్మతి పత్రం ఇచ్చాడా అన్నవి ఆయన సొంతం.

అమెరికాలో ఓటున్న మనవాళ్లకు ఇక్కడ తేడా కనిపిస్తుంది. అక్కడ ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు, సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటు పోదు, ప్రతినిధుల సభ క్లర్కు వెబ్‌సైటులో నమోదైన ప్రతి ఓటూ పేరుతో ఉంటుంది. కాబట్టి అక్కడ ఓటింగ్ రికార్డు మనిషి గురించి చాలా చెబుతుంది. ఆ కొలబద్ద ఇక్కడికి తెచ్చి పెడితే తప్పు లెక్క వస్తుంది.

లేనివాళ్లను కూడా లెక్కపెట్టండి

జాబితాలో పేరు లేకపోతే ఆ రోజు ఆయన ఎక్కడున్నారు? హాజరు చూడండి. హాజరు ఉన్నంత మాత్రాన ఓటింగు సమయానికి సభలో ఉన్నట్టు కాదు, ఆ రోజు నమోదు చేసుకున్నారని మాత్రమే అర్థం. సంతకం ఉంది, ఓటు లేదు అంటే రెండు కారణాలు ఉండొచ్చు: పార్టీ వాకౌట్ చేసింది, లేదా ఆయన ముందే వెళ్లిపోయారు. వాకౌట్ చేస్తే చర్చ రికార్డులోనే ఆ సంగతి ఉంటుంది.

ఇందుకు మన అసెంబ్లీలోనే మంచి ఉదాహరణ ఉంది. 2020 జనవరి 27న శాసనమండలిని రద్దు చేయాలన్న తీర్మానానికి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 133 మంది అనుకూలంగా ఓటేశారు, వ్యతిరేకం సున్నా. ఆ సున్నాను మాత్రమే చూస్తే అందరూ ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ప్రతిపక్ష టీడీపీ ఆ రోజు సభకే రాలేదు.

కాదన్నవాళ్ల ప్రసంగం తప్పకుండా చదవండి

2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరూ మజ్లిస్ వాళ్లు, హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, అప్పటి ఔరంగాబాద్ ఎంపీ ఇంతియాజ్ జలీల్. ఓటు మాత్రమే చూస్తే "మహిళలకు సీట్లు వద్దన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ప్రసంగం చదివితే, బీసీ మహిళలకు, ముస్లిం మహిళలకు విడిగా కోటా లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ కారణం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, తెలియకుండా మాత్రం తీర్పు చెప్పకూడదు. అలాగే అవునన్న 454 మందిలో కూడా వెంటనే అమలు చేయాలని అడిగినవాళ్లు, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన దాకా ఆపడం అన్యాయం అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. చదవడం కష్టమైతే సంసద్ టీవీ యూట్యూబ్ ఛానల్లో తేదీతో వెతికి వినండి.

ప్రశ్నలు చూడండి, అసలు పని అక్కడ కనిపిస్తుంది

నా మట్టుకు నేను ఓటు కంటే ప్రశ్నలనే ఎక్కువ నమ్ముతాను. ఏం అడగాలో విప్ చెప్పదు. ఎంపీ పేజీలో ఆయన అడిగిన ప్రశ్నలన్నీ, మంత్రుల జవాబులతో సహా ఉంటాయి. లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలు నక్షత్ర గుర్తుతో నోటి జవాబుకు, 230 రాతపూర్వక జవాబుకు వస్తాయి. సంఖ్య చూసి మోసపోకండి, ఒకే ప్రశ్న కింద నలుగురైదుగురు ఎంపీల పేర్లు ఉండటం మామూలే, అందరి ఖాతాలోనూ అది ఒకటిగా పడుతుంది. ఒక ఏడాది ప్రశ్నలు తీసుకుని, మీ జిల్లా పేరు ఎన్నింటిలో ఉంది, ఏ శాఖలను మళ్లీ మళ్లీ అడిగారు అని చూడండి. పోలవరం, రైల్వే లైను, పసుపు, పత్తి ధర, గల్ఫ్ కార్మికులు, ఆయన దేనికోసం పదేపదే లేచారో అర్థమవుతుంది.

మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ఈ లెక్క వర్తించదు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు, సికింద్రాబాద్ ఎంపీ కిషన్ రెడ్డి లాంటి మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. వాళ్ల ఖాతాలో సున్నా ప్రశ్నలు చూపించి "ఏమీ చేయలేదు" అనే కార్డులు అన్యాయం. వాళ్ల శాఖ జవాబులు చదవాలి.

అన్నీ ఒక కాగితం మీద, తేదీలతో

నేను చేసేది ఇది. ఒక తెల్ల కాగితం మీద నాకు ముఖ్యమైన ఐదారు విషయాలు రాసుకుంటాను. ప్రతిదాని పక్కన ఎన్నికల ముందు చెప్పిన మాట, సభలో మాట్లాడినది, ఓటు ఉంటే ఓటు, లేకపోతే మూజువాణి అని, అన్నిటికీ తేదీ. తేదీ లేకుండా రాసిన వైఖరి దేనికీ పనికిరాదు, ఎందుకంటే పార్టీల వైఖరి మారుతుంది. టీడీపీనే చూడండి, 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికొచ్చి జూలైలో అదే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది, 2024లో మళ్లీ ఎన్డీయేలో ఉంది. ఏ ఏడాది మాటను ఏ ఏడాది ఓటు పక్కన పెడుతున్నారో చూసుకోవాలి.

ఎమ్మెల్యేల విషయం ఇంకా కష్టం. అసెంబ్లీల్లో డివిజన్లు చాలా అరుదు, రికార్డులు వెతకడం కూడా అంత తేలిక కాదు. అక్కడ ప్రసంగాలు, ప్రశ్నల మీదే ఎక్కువ ఆధారపడాలి.

కాగితం సిద్ధమయ్యాక ఎంపీనే అడగండి. ఆఫీసు చిరునామా, ఈమెయిల్ ఆయన పేజీలోనే ఉంటాయి. "మీరు ప్రజలకు ఏం చేశారు" అని రాస్తే జవాబు రాదు. ఒకే విషయం, తేదీ, డివిజన్ నంబరుతో, "ఆ రోజు జాబితాలో మీ పేరు లేదు, ఎందుకు?" అని మర్యాదగా రాయండి. మా ఎంపీ గారికి నేను రాసినప్పుడు జవాబు రాలేదు. రెండు నెలల తర్వాత ఒక పెళ్లిలో కనిపిస్తే ప్రింటు తీసి చేతికిచ్చి అడిగాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు, ఆ రోజు సాయంత్రం విమానానికి వెళ్లిపోయానమ్మా అన్నారు. అది కూడా ఆ కాగితం మీదే, తేదీ వేసి రాసుకున్నాను.