లాంగ్ వీకెండ్‌లో గ్రాండ్ క్యాన్యన్ చూసి వద్దామనుకునే కొత్తవారికి

డాలస్ ప్రాంతానికి చదువుల కోసం కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది రాస్తున్నాను. సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, ఇండియన్ స్టోరు వంటి సంగతులు దిగిన రోజే సీనియర్లు చెప్పేస్తారు కనుక వాటి జోలికి పోను. గత నెలలో మా కింది ఇంట్లో ఉండే అబ్బాయి శుక్రవారం రాత్రి నలుగురు స్నేహితులతో గ్రాండ్ క్యాన్యన్‌కని బయలుదేరి, దారిలోని ఆల్బకర్కీ నగరం దాకా పోయి, లోయ అంచు కూడా చూడకుండా ఆదివారం ఎర్రబడిన కళ్ళతో తిరిగివచ్చాడు. ఏమైందని అడిగితే, "మధ్యలో ఒక్క రాష్ట్రమే కదన్నా అనుకున్నాం" అన్నాడు.

డాలస్ ఉన్న టెక్సాస్‌కూ, క్యాన్యన్ ఉన్న అరిజోనాకూ మధ్య ఉన్న ఆ ఒక్క రాష్ట్రం న్యూ మెక్సికో. ఇంటర్‌స్టేట్ 40 అనే పెద్ద రహదారి మీద దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడానికే దాదాపు 600 కిలోమీటర్లు నడపాలి. డాలస్ నుంచి క్యాన్యన్ దక్షిణపు అంచుకు 1,050 మైళ్ళ పైచిలుకు, అంటే సుమారు 1,700 కిలోమీటర్లు ఉంటుంది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి కూడా అంత దూరం లేదు. శుక్రవారం రాత్రి హైదరాబాదులో కారెక్కి, ఢిల్లీ వెళ్ళి ఎర్రకోట చూసి, మంగళవారం ఉదయం మళ్ళీ క్లాసులో కూర్చుంటానని ఎవరైనా అంటే మీరే నవ్వుతారు. ఇక్కడ మాత్రం మైళ్ళలో చెప్పేసరికి అంకె చిన్నదై, రోడ్డు నున్నగా కనిపించి, మన లెక్క తప్పుతుంది.

నవ్వే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటాను. నేను వచ్చిన మొదటి సెమిస్టరులో, థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు, ఐదుగురం ఇదే దారిన బయలుదేరాము. లైసెన్సు నాకొక్కడికే ఉంది, అదీ నాలుగు వారాల క్రితం వచ్చింది. పగలంతా క్లాసులు, సాయంత్రం పని ముగించుకుని రాత్రి 9 గంటలకు స్టీరింగ్ పట్టాను. టెక్సాస్‌లోనే ఉన్న అమరిల్లో ఊరు దాటాక, తెల్లవారుజామున, కారు కిందనుంచి రంపం కోసినట్టు ఒక్కసారిగా మోత వచ్చి కళ్ళు తెరిచాను. నిద్రపోయినవాణ్ణి లేపడానికే రోడ్డు అంచున కోసి ఉంచిన గాడుల చప్పుడు అది. వెనక సీట్లోని ముగ్గురూ లేవనే లేదు. నేను కళ్ళు మూసుకున్నానన్న సంగతి నాకే తెలియలేదన్నది ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

మన ఊళ్ళలో గుంతలు, హారన్లు, అడ్డం వచ్చే గేదెలు డ్రైవరును మేలుకొలుపుతూనే ఉంటాయి. ఇక్కడ కారు వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ పెట్టి, తీగ లాగినట్టున్న రోడ్డు మీద, చీకట్లో గంటల తరబడి కూర్చుంటే మెదడుకు చేయడానికి పనే మిగలదు. కాఫీ, కిటికీ అద్దం దించడం, పాటల మోత, ఇవన్నీ నేను ప్రయత్నించినవే, ఏదీ పావుగంటకు మించి నిలబడలేదు. బాక్సుల్లో కట్టుకొచ్చిన పులిహోర తిని నడిపితే ఆ పావుగంట కూడా దక్కదు. సరుకు లారీలు నడపడమే వృత్తిగా ఉన్నవారికి సైతం, పది గంటల విశ్రాంతి తరువాత 11 గంటలకు మించి నడపరాదని ఇక్కడి ఫెడరల్ నిబంధన చెబుతోంది. నాలుగు వారాల లైసెన్సుతో 16 గంటలు నడుపుతానన్న నన్ను ఏమనాలి?

కాబట్టి రాత్రి 10 దాటితే తాళం చెవి జేబులోనే ఉండాలి. డాలస్ నుంచి ఉదయం బయలుదేరితే చీకటి పడే వేళకు న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారీ చేరవచ్చు. పాత రూట్ 66 రహదారి మీద ఉన్న ఊరు కనుక మోటెళ్ళకు కొదవ లేదు. అద్దె కారు ఒప్పందంలో పేరున్నవారే నడపాలి, కనీసం ఇద్దరి పేర్లు రాయించండి. ఇరవై ఐదేళ్ళ లోపు వారికి అదనపు రుసుము పడుతుందని ఆ రెండో పేరు మానేయవద్దు, ఒక్కడే నడపడమే మమ్మల్ని గాడుల మీదికి తెచ్చింది. రోడ్డు పక్కన ఆకుపచ్చ పలక మీద కనిపించే మైలు అంకెను పక్కనున్నవారు గమనిస్తూ ఉండాలి, ఆపదలో 911కు చెప్పవలసింది అదే. తిరుగు ప్రయాణంలో గడియారం చలికాలంలో ఒక గంట, ఎండాకాలంలో రెండు గంటలు ముందుకు జరుగుతుందన్నది కూడా లెక్కలో వేసుకోండి. మూడు రోజులే ఉంటే లాస్ వేగస్‌కు విమానంలో వెళ్ళి, అక్కడినుంచి పగటిపూట నాలుగున్నర, ఐదు గంటలు నడపండి. క్యాన్యన్ దక్షిణపు అంచు చేరాక ఎదుటి ఉత్తరపు అంచుకూ వెళ్ళివద్దామని మాత్రం అనవద్దు. గాలిలో పది మైళ్ళే అయినా, కారులో చుట్టి వెళ్ళడానికి 200 మైళ్ళకు పైగా ఉంటుంది, పైగా చలికాలంలో ఆ వైపు రోడ్డు మూసేస్తారు.

ఇంతా చదివి మానేస్తారేమో, మానవద్దు. మేము ఆ తెల్లవారి ఒక రెస్ట్ ఏరియాలో ఆగి నాలుగు గంటలు పడుకుని, ఒక రోజు ఆలస్యంగానైనా చేరాము. దక్షిణపు అంచున ఉన్న మాథర్ పాయింట్ దగ్గర పొద్దు పొడుస్తుంటే, మైలు లోతున్న ఆ లోయలో ఎరుపు ఒక్కొక్క పొరే కిందికి దిగుతూ వచ్చింది, మాలో ఎవ్వరూ ఫోను బయటకు తీయలేదు. అంత దూరం వెళ్ళదగిన చోటేనని ఒప్పుకోక తప్పదు. దక్షిణపు అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది కనుక, నవంబరులో వెళ్ళేవారు డాలస్‌లో వేసుకునే స్వెటరును నమ్ముకోక, మందపాటి కోటు సర్దుకోండి.