సముద్రం ఒడ్డున జపాన్ ర్యోకాన్‌లో ఒక రాత్రి: బుక్ చేసే ముందే తెలుసుకోవాల్సినవి

జపాన్ టూర్ వేసుకునేవాళ్లు చాలామంది టోక్యో, క్యోటో హోటళ్లన్నీ బుక్ అయిపోయాక, ఒక్క రాత్రి ర్యోకాన్‌లో (జపాన్ సంప్రదాయ పద్ధతిలో నడిచే సత్రం) కూడా ఉందామని చివర్లో ఇరికిస్తారు. పొద్దున్నుంచి ఊళ్లు తిరిగి తిరిగి రాత్రి ఎనిమిదింటికి అక్కడికి చేరితే కట్టిన డబ్బులో సగం నీళ్లపాలే. ర్యోకాన్‌లో మీరు డబ్బు కట్టేది ఆ సాయంత్రానికీ, మర్నాటి పొద్దుటికీ: మూడింటికి చెక్-ఇన్, వేడినీటి బుగ్గలో స్నానం, భోజనం, మళ్లీ స్నానం, నిద్ర, తెల్లారి ఇంకో స్నానం, టిఫిన్, పదింటికి ఖాళీ చేయడం. అందుకే ఆ రోజు ఇంకే ప్రోగ్రామూ పెట్టుకోకండి. మూడుకల్లా, మరీ కుదరకపోతే నాలుగుకల్లా అక్కడ ఉండండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇజు ద్వీపకల్పమే మంచిదని నా అభిప్రాయం. టోక్యో నుంచి షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఆ ద్వీపకల్పం మొదట్లో ఉన్న అతామి ముప్పావు గంట ప్రయాణం, కాకపోతే ఆ రైళ్లలో కొదామా అనేది ఎక్కాలి, నొజొమి అనేది అక్కడ ఆగదు. అతామి కొంచెం రద్దీ ఊరు, పెద్ద పెద్ద హోటళ్లుంటాయి. నెమ్మదిగా ఉండే చోటు కావాలంటే లోకల్ రైల్లో అరగంట లోపే ఇతో వెళ్లిపోవచ్చు. ఇతోలో 1928లో మొదలైన తోకైకాన్ అనే చెక్క ర్యోకాన్ ఉంది, ఇప్పుడక్కడ బస ఉండదు గానీ లోపలికెళ్లి చూడొచ్చు, పాతకాలం వడ్రంగం పనితనం కోసమైనా వెళ్లండి. ఒసాకా వైపు ఉంటే వాకయామాలోని షిరహామా, క్యూషూ దీవికి వెళ్తే బెప్పు, ఇంకా దక్షిణాన ఇబుసుకి (అక్కడ మనిషిని మెడ వరకూ వేడి ఇసుకలో కప్పుతారు). నోతో ద్వీపకల్పంలోని వాకురా అనే వేడినీటి బుగ్గల ఊరి పేరు పాత వ్యాసాల్లో బాగా కనిపిస్తుంది, కానీ 2024 జనవరి 1 భూకంపంలో అక్కడి ర్యోకాన్లు బాగా దెబ్బతిన్నాయి, ఏది తెరిచి ఉందో కనుక్కున్నాకే టికెట్లు తీయండి.

రేటు చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: అది సాధారణంగా గదికి కాదు, మనిషికి. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిపి మామూలు చోట్ల మనిషికి 15,000 నుంచి 30,000 యెన్లు అనుకోవచ్చు, శనివారం రాత్రి ఇంకా పెరుగుతుంది. దానిమీద స్నానం పన్ను అని పెద్దవాళ్లకు చాలా ఊళ్లలో 150 యెన్లు వేస్తారు.

ఇక తిండి. మనవాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాత్రి వడ్డించేది ఒక్కో గిన్నెలో ఒక్కో రకంగా, వరసగా వచ్చే కైసెకి భోజనం, సముద్రం ఒడ్డున కాబట్టి ఎక్కువ భాగం చేపలే. చేప తినేవాళ్లకు పండగ: ఇజులో కిన్మెదై అనే ఎర్ర చేపను సోయా సాస్, చక్కెర వేసి ఉడికించి పెడతారు, అది తప్పక తినండి. పచ్చి చేప పడదంటే ముందే చెబితే చాలాచోట్ల వండి ఇస్తారు. శాకాహారులు మాత్రం "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. అక్కడ మాంసం మానేస్తే చాలనుకుంటారు, చేప ముక్క పెట్టకపోయినా దాషి అనే చారు అన్నిట్లోనూ ఉంటుంది, అది చాలావరకు ఎండబెట్టిన చేపతో తీసిందే. మిసో సూప్, ఉడికించిన కూర, చివరికి ఆకుకూర మీద చల్లే రసం కూడా. బుక్ చేసేటప్పుడే, కనీసం వారం ముందు, ఏమేం తినరో విడివిడిగా రాయండి: మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేపతో చేసిన దాషి. ఫోన్లో చెప్పాల్సి వస్తే "నికు మో సకానా మో, సకానా నో దాషి మో తబెరారెమసెన్" (మాంసం, చేప, చేప దాషి ఏవీ తినలేను) అంటే వాళ్లకు అర్థమవుతుంది. చేయలేమని జవాబొస్తే బాధపడకండి, అది నిజాయితీ. భోజనం లేని ప్లాన్ తీసుకుని మీ తిండి మీరు చూసుకోండి, చిన్న ఊళ్లలో భోజనం హోటళ్లు తొందరగా మూసేస్తారు కాబట్టి సాయంత్రమే తెచ్చిపెట్టుకోండి. గదిలో మామూలుగా వేడినీళ్ల కెటిల్ ఉంటుంది, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లకు అది చాలు. ఎలక్ట్రిక్ కుక్కర్ తీసి తాలింపు పెట్టడం లాంటివి మాత్రం వద్దు, తతామి చాపలకు పట్టిన వాసన పోదు.

వెళ్లగానే గుమ్మంలో చెప్పులు విప్పాలి, వాళ్లిచ్చే స్లిప్పర్లు కూడా తతామి మీదికి రాకూడదు, టాయిలెట్‌కి స్లిప్పర్లు వేరే ఉంటాయి. సూట్‌కేసు చక్రాలతో చాప మీద లాగకండి. గోడలో బొమ్మో పువ్వులో పెట్టిన గూడు లాంటి చోటు కనిపిస్తుంది, అక్కడ సామాను పెట్టకూడదు. పాస్‌పోర్ట్ కాపీ తీసుకుంటారు, భోజనం ఎన్నింటికి కావాలో అడుగుతారు. ఆరున్నర అంటే ఆరున్నరే, ఆలస్యం చేస్తే వంటవాళ్ల శ్రమంతా పాడవుతుంది. బల్లమీద పెట్టిన టీ, మిఠాయి ముందు తినండి, ఖాళీ కడుపుతో వేడినీళ్లలో దిగితే కళ్లు తిరుగుతాయి. యుకాతా (గదిలో ఇచ్చే పల్చటి నూలు అంగీ) కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకొచ్చేలా కట్టేది చనిపోయినవాళ్లకే.

స్నానం విషయం. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు, లోపల ఒంటిమీద నూలుపోగు ఉండదు, స్విమ్‌సూట్ కూడా కుదరదు. మన ఇళ్లల్లో అలవాటు లేని పని, బెరుకుగానే ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు, అయిదు నిమిషాల్లో మీరూ మర్చిపోతారు. అస్సలు వల్ల కాదనుకుంటే గంట లోపు తలుపేసుకుని కుటుంబం వరకూ వాడుకునే స్నానాలగది కొన్ని ర్యోకాన్లలో అద్దెకిస్తారు, అత్తాకోడళ్లు కలిసి వెళ్తుంటే అదే హాయి. గుమ్మానికి కట్టిన తెరలు సాధారణంగా మగవాళ్లకు నీలం, ఆడవాళ్లకు ఎరుపు. రాత్రికీ పొద్దుటికీ మార్చేస్తుంటారు కాబట్టి వెళ్లిన ప్రతిసారీ చూసుకోండి. ఏడేళ్లు, ఆపైన ఉన్న పిల్లలు ఎవరి వైపు వాళ్లు వెళ్లడమే పద్ధతి.

బట్టలు, పెద్ద టవల్, ఫోన్ అన్నీ బయటి గదిలోనే. చిన్న టవల్ ఒక్కటే లోపలికి. గోడవారన చిన్న పీటలు, కుళాయిలు ఉంటాయి, పీటమీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్లు రుద్దుకుని, నురగ మొత్తం పోయేదాకా కడుక్కుని, పీట కూడా కడిగి అప్పుడు తొట్టి దగ్గరికెళ్లాలి. జుట్టు ముడివేయాలి, టవల్ నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోండి. నీళ్లు 41, 42 డిగ్రీలుంటాయి, బుగ్గ నీళ్లు పడే మూల ఇంకా కాలుతుంది, దానికి దూరంగా దిగండి. బయట తొట్టిలో మొహానికి చల్లటి సముద్రపు గాలి, మెడ కింద వేడి, దానికోసమే ఇంతదూరం రావడం. మొదటిసారి పది నిమిషాలు చాలు. ఒడ్డున ఉండే బుగ్గల్లో ఉప్పు ఎక్కువ, ఆ ఉప్పు ఒంటిమీద పొరలా నిలిచి వేడి పోనివ్వదు, కాబట్టి చర్మం మరీ సున్నితమైతే తప్ప మళ్లీ కడుక్కోకుండా తుడుచుకుంటే మంచిది. గంధకం వాసన వస్తే మాత్రం వెండి పట్టీలు, మెట్టెలు తీసేయండి, నల్లబడిపోతాయి. మద్యం తాగాక దిగొద్దు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే వెళ్లాలి, నెలసరి రోజుల్లో పెద్ద తొట్టిలో దిగకూడదు. టాటూ ఉంటే చాలాచోట్ల రానివ్వరు, అమ్మమ్మ చేతిమీద పచ్చబొట్టు కూడా ఆ లెక్కలోకే వస్తుంది, ముందే అడిగితే స్టిక్కర్ అంటించుకోమంటారో, విడిగా ఉన్న గది ఇస్తారో చెబుతారు.

భోజనం చేసొచ్చేసరికి పక్కలు పరిచి ఉండొచ్చు. పడుకునే ముందు ఎక్కడెక్కడ మెట్లున్నాయో, సునామీ హెచ్చరిక వస్తే ఎటు ఎక్కాలో గది తలుపు దగ్గరి మ్యాప్‌లో చూసుకోండి, ఒడ్డున ఉన్నప్పుడు ఇది మానొద్దు. టిప్పు ఇవ్వక్కర్లేదు. స్టేషన్ దాకా వ్యాన్‌లో దింపే చోట్లు చాలానే ఉన్నాయి, సీట్లు తక్కువ కాబట్టి ఆ మాట రాత్రే చెప్పి పెట్టండి.